తిరుగుతుంది గానీ అందుకోదు

అంతర్వేదిలో ఇనుముకు ఆయుష్షు తక్కువ. వశిష్ఠ గోదావరి వచ్చి సముద్రంలో కలిసే చోటు. ఒక పక్క ఏటి చెమ్మ, ఇంకో పక్క ఉప్పుగాలి. రెండూ కలిసి కిటికీ ఊచల్నీ, సైకిల్ చైన్లనీ, బీరువా కాళ్లనీ తీరుబడిగా తినేస్తుంటాయి. గాలిలో వచ్చిన ఉప్పు లోహం మీద ఊరికే కూర్చోదు, చుట్టూ ఉన్న తేమని తన దగ్గరికి లాక్కుంటుంది. అందుకే ఇక్కడ వాన పడని రోజున కూడా ఇనుము తడిసే ఉంటుంది. రాగి తీగ చివర పచ్చగా చిలుము పడుతుంది. అల్యూమినియం మీద తెల్లటి పొడి లేస్తుంది. ఇలాంటి ఊళ్లో పాత కారు ఉంచుకున్నవాడు, ఏదో ఒక ఉదయం అది మొరాయిస్తుందని ముందే ఒప్పుకుని ఉంచుకోవాలి.

మొరాయించడంలో రెండు రకాలున్నాయి. తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకోవడం ఒకటి. దాని సంగతి తేలిక. బ్యాటరీయో, టెర్మినలో, సెల్ఫ్ మోటారో, అక్కడక్కడే వెతుక్కోవచ్చు. రెండోది మనిషికి ఆశపెట్టి ఏడిపించేది. సెల్ఫ్ నిక్షేపంగా తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. ఇదిగో ఇప్పుడు, ఇదిగో ఇప్పుడు అనిపిస్తుంది. అలా అనిపించబట్టే జనం తాళం వదలకుండా తిప్పుతూ కూర్చుంటారు. పది సెకన్లకు మించి ఏకబిగిన తిప్పితే సెల్ఫ్ మోటారు వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. పొద్దున్న ఒక్క జబ్బుతో ఉన్న బండి, మేస్త్రీ వచ్చే వేళకి రెండు జబ్బులతో కనిపిస్తుంది. రెండోది మనం పెట్టిందే.

నన్నడిగితే, సెల్ఫ్ తిరగడమంటే బండి చాలా సంగతులు అప్పటికే చెప్పేసినట్టు. బ్యాటరీలో కొంత ఓపిక ఉంది, సెల్ఫ్ బాగుంది, ఇంజన్ పట్టేయలేదు. చెవి పెట్టి వింటే ఇంకా చెబుతుంది. నాలుగు సిలిండర్లలోనూ గాలి సరిగ్గా నొక్కుకుంటుంటే, ఒక్కో నొక్కుకీ సెల్ఫ్ కాస్త బరువెక్కి, మళ్లీ తేలికై, రుయ్ రుయ్ రుయ్ అని ఒక వరస ఉంటుంది. ఆ వరస లేకుండా జుయ్‌మని పైపైన తిరిగిపోతుంటే లోపల టైమింగ్ చైను తెగిందో, గాలి నిలవడం లేదో అనుకోవాలి. అలాంటప్పుడు ప్లగ్గులు విప్పి తుడిచినా, పెట్రోలు మార్చినా ఒరిగేది లేదు. ఈ తేడా పట్టుకోవడానికి పనిముట్టేదీ అక్కర్లేదు. పక్కన నిలబడిన నలుగురినీ కాసేపు మాట్లాడకుండా ఉండమనాలి, అంతే. మన దగ్గర అదే కష్టం.

ఒక చిత్రం చెప్పాలి. కారుకి బ్యాటరీతో నడిచే ఇగ్నిషన్ పద్ధతిని రూపొందించినవాడూ, చేత్తో హ్యాండిల్ తిప్పే బాధ తప్పించి ఎలక్ట్రిక్ సెల్ఫ్ తెచ్చినవాడూ ఒక్కడే. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు. ఆయన సెల్ఫ్ మోటారు 1912 కాడిలాక్ కార్లలో వచ్చింది. కాయిలు, పాయింట్లు, కండెన్సరు, డిస్ట్రిబ్యూటరు కలిసిన ఇగ్నిషన్ ఆ తర్వాత దశాబ్దాల తరబడి ప్రపంచంలో పెట్రోలు కార్లలో చాలావాటిని నడిపింది. మన అంబాసిడర్‌నీ, ఫియట్‌నీ అదే నడిపింది. సెల్ఫ్ తిరిగి నిప్పు పుట్టలేదంటే ఒకే తండ్రి బిడ్డల్లో ఒకడు పనిలోకి వచ్చాడు, రెండోవాడు రాలేదు.

నిజానికి వాళ్లిద్దరికీ ఎప్పుడూ పేచీయే. ఉన్నది ఒక్క బ్యాటరీ. సెల్ఫ్ తిరిగేటప్పుడు వందల ఆంపియర్లు లాగేస్తుంది. ముసలి బ్యాటరీ అయితే పన్నెండు వోల్టులు కాస్తా తొమ్మిదికో ఎనిమిదికో జారిపోతాయి. కాయిల్‌కి మిగిలేది ఆ ఎంగిలే. దానితో ప్లగ్గు దగ్గర వేల వోల్టుల నిప్పురవ్వ పుట్టించమంటే ఎలా పుట్టిస్తుంది? ఇలాంటి బండిని నలుగురు కలిసి తోసి, రెండో గేరులో క్లచ్ వదిలితే చటుక్కున అందుకుంటుంది. తోసేటప్పుడు సెల్ఫ్‌తో పని లేదు గనక కరెంటంతా కాయిల్‌కే పోతుంది. కాబట్టి తోస్తే అందుకుందంటే అదొక సాక్ష్యం. మనవాళ్లు మాత్రం దాన్ని సాక్ష్యంగా తీసుకోరు, వైద్యంగా తీసుకుంటారు. సెల్ఫ్ జోరుగా తిరుగుతున్న కారుని కూడా సముద్రం దగ్గర్నుంచి గుడి దాకా తోసుకుపోతారు. గోదావరి జిల్లాల్లో మంచితనానికి లోటు లేదు, అది ముందు భుజాల్లోంచి బయటపడుతుంది.

ఏటా మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం. దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మర్నాడు రథం. చిన్న ఊరు జనంతో నిండిపోతుంది. నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్లు గోదావరి మీద పంటులో సఖినేటిపల్లి రేవుకి దాటి వస్తారు. మిగతావాళ్లు రాజోలు, మలికిపురం మీదుగా వస్తారు. ఓసారి మా పెద్దమావయ్య తన పాత పెట్రోలు అంబాసిడర్‌లో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొచ్చాడు. రాత్రి కారు పెట్టడానికి చోటు దొరక్క సముద్రం వైపు ముక్కు పెట్టి ఇసక పక్కన వదిలేశాడు. తెల్లారి మంచు దట్టంగా పట్టి ఉంది. తాళం తిప్పితే సెల్ఫ్ తిరిగింది. ఇంజన్ అందుకోలేదు.

జనం చేరారు. పెట్రోల్లో నీళ్లున్నాయని ఒక ఆటో అబ్బాయి ఖాయంగా చెప్పాడు. అతని ఆటో ఆ మధ్యే అలా ఆగిపోయిందట. రొయ్యల చెరువులున్న రైతు ఒకాయన ఫిల్టరు మూసుకుపోయిందన్నాడు. చెరువు గట్టు మీద ఆయన డీజిల్ ఇంజన్‌కి వచ్చిన జబ్బు అది. రిటైరైన మాస్టారు ఒకాయన బ్యాటరీ అన్నారు. ఆయన కొత్త బ్యాటరీ కొని ఇంకా ఆ ఖర్చు మరిచిపోలేదు. ఒకావిడ దిష్టి అంది, నిమ్మకాయ కట్టమంది. మావయ్య మాత్రం ప్లగ్గులు మార్చేద్దామన్నాడు. ఎందుకంటే డిక్కీలో ఉన్నవి అవే.

ఆ గుంపులో ఎవరూ తెలివితక్కువవాళ్లు కారు. ఎవరికి వారు తమను క్రితంసారి ఏడిపించిన దాన్నే మళ్లీ చూశారు. చేతిలో ఉన్న విడిభాగం కూడా అంతే, జబ్బు పేరు తనే పెట్టేస్తుంది. నాకు ఇది కార్ల దగ్గరే కాదు, చాలా చోట్ల కనిపించింది. కొబ్బరిచెట్టు మొవ్వు వాలితే ఎరువుల కొట్టాయనకి ఎరువు లోపమే కనిపిస్తుంది. ఇంకో సంగతి. ఆ ఉదయం వచ్చిన సలహాలన్నిటిలో నష్టం లేనిది నిమ్మకాయ ఒక్కటే. మిగతావాటిలో ఏది పాటించినా డబ్బు పోయేది. అంతకంటే ఘోరం, బాగున్నవి కూడా విప్పి పాడుచేసేవాళ్లం. అప్పుడు మేస్త్రీ వచ్చినా అసలు జబ్బేదో, మనం చేసిందేదో తేలదు.

మలికిపురం నుంచి మేస్త్రీ వచ్చాడు. వచ్చీ రాగానే బానెట్ ఎత్తలేదు.

"నిన్న వచ్చేటప్పుడు ఎలా నడిచిందండి?"

"బంగారంలా నడిచింది."

"మధ్యలో గుంజడాలు గట్రా ఏమన్నా?"

"ఏం లేవయ్యా."

"వేడి మీద ఆపి మళ్లీ తీస్తే అందుకుందాండి?"

"రాజోల్లో టీ తాగడానికి ఆపాం. బానే అందుకుంది."

"రాత్రి నుంచి ఎవరన్నా బానెట్ ఎత్తారాండి?"

"లేదు."

"ఆయ్. అయితే ఆగండి బాబూ, ఏదీ విప్పకండి."

నాలుగు ప్రశ్నలతో సగం అనుమానాలు ఊడిచేశాడు. ఫిల్టరు మూసుకుపోతూ ఉంటే నిన్నే జోరు మీద గుంజుతుంది. కాయిలో, కండెన్సరో పోబోతుంటే సాధారణంగా వేడి మీదే ముందు పేచీ పెడుతుంది. రోహిణి కార్తెలో అయితే వేడి మీద ఆపిన బండి అందుకోకపోతే ఇంధనం తోడే ఏసీ పంపులో పెట్రోలు ఆవిరై గొట్టంలో అడ్డం పడిందనుకోవాలి, పంపు మీద తడిగుడ్డ కప్పి కాసేపు కూర్చుంటే సరిపోతుంది. ఇది మాఘమాసం. చల్ల మీద, మంచులో, ఉప్పుగాలికి ఎదురుగా నిలబెట్టిన బండి. ఆయనకి అనుమానం అప్పటికే ఒక చోట వాలిందని మొహం చూస్తే తెలుస్తోంది. అయినా ఆ అనుమానాన్ని ఆయన వెంటనే నమ్మలేదు. నాకు బాగా నచ్చింది అదే.

ముందు ఒక ప్లగ్గు విప్పి చూశాడు. తడిగా ఉంది, పెట్రోలు వాసన వేస్తోంది. పెట్రోలు ఇంజన్ దగ్గర ఇది పెద్ద చీలిక. ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. అప్పుడు ట్యాంకు నుంచి కార్బొరేటరు దాకా ఉన్న దారి వెతకాలి. ట్యాంకు మూతకి ఉండే గాలి రంధ్రం మూసుకుపోయినా పెట్రోలు ఆగిపోతుంది, మూత తీయగానే బుస్సుమంటుంది. తడిగా ఉంటే పెట్రోలు వచ్చింది, మండలేదు. అప్పుడు ఆ దారంతా మరిచిపోవచ్చు. ఆటో అబ్బాయి మొహం చిన్నబోయింది గానీ, అతని మాట తీసిపారేసేది కాదు. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ చెమ్మని పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండిలో నీరు మరీ ఎక్కువైతే ఆ నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకి దిగుతాయి. గొట్టం పీల్చేది కూడా అడుగు నుంచే. అతను చెప్పిన జబ్బు ఉంది, మా కారుకి లేదు, అంతే.

తర్వాత చేసినదే అసలు విద్య. కరెంటు బ్యాటరీ నుంచి కాయిల్‌కి వస్తుంది. అక్కడి నుంచి మధ్య వైరు గుండా డిస్ట్రిబ్యూటరు క్యాప్ నడినెత్తికి పోతుంది. క్యాప్ కింద తిరిగే రోటరు దాన్ని 1, 3, 4, 2 వరసలో ఒక్కో సిలిండరుకి పంచుతుంది. ఈ దారిని మొదటి నుంచి చివరిదాకా తడుముకుంటూ పోనక్కర్లేదు. నడిమికి వెళ్లి అడగాలి. పీకిన ప్లగ్గు మళ్లీ బిగించాడు, బానెట్ కింద పెట్రోలు ఆవిరి లేకుండా చూసుకున్నాడు. కాయిల్ నుంచి వచ్చే మధ్య వైరుని క్యాప్ లోంచి ఊడదీసి, పిడికి రబ్బరున్న కటింగ్ ప్లేయరుతో పట్టుకుని ఇంజన్ దిమ్మెకి దగ్గరగా ఉంచి సెల్ఫ్ కొట్టమన్నాడు. ఠప్ ఠప్‌మని నీలం రంగు రవ్వలు దూకాయి. అంటే బ్యాటరీ, స్విచ్చి, కాయిలు, పాయింట్లు, కండెన్సరు ఇవన్నీ ఒక్క దెబ్బతో నిర్దోషులైపోయాయి. మాస్టారి బ్యాటరీ సిద్ధాంతం అక్కడితో సరి. వైరు మళ్లీ పెట్టి, ఈసారి ప్లగ్గు దగ్గర చూశాడు. రవ్వ లేదు. నడిమిదాకా వచ్చినది చివరికి చేరలేదంటే దొంగ ఆ రెంటి మధ్యే ఉన్నాడు. అక్కడున్నవి క్యాపూ, రోటరూ.

క్యాప్ తీస్తే లోపలి గోడకి సన్నగా నీటి ముత్యాలు పట్టి ఉన్నాయి. ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకి పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి గీత కూడా ఉంది. తేమ పట్టిన దారిలో కరెంటు అడ్డంగా పాకి పాకి మాడ్చిన గీత అది. పొడిగుడ్డతో తుడిచి, గీతని బ్లేడుతో గీకి, బిగించాడు. తాళం తిప్పగానే బండి అందుకుంది. మావయ్య జేబులో చెయ్యి పెడుతుంటే, "ఇది ఇంటికి చేరడానికేనండి. గీత పడ్డ క్యాప్ మళ్లీ పడుతుంది. కొత్తది వేయించండి" అన్నాడు. తుడిచినందుకు ఎంత తీసుకున్నాడో చెబితే మీరు నమ్మరు. ఎక్కడ తుడవాలో తెలిసినందుకు ఇంకా ఎక్కువే ఇవ్వాల్సింది.

అంతర్వేది పల్లిపాలెం హార్బరులో ఈ విద్య ఇంకో రూపంలో కనిపిస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. రెండు నెలలు ఉప్పుగాలిలో కదలకుండా పడి ఉన్న డీజిల్ ఇంజన్లు జూన్ 15 నాటికి సముద్రం మీదికి పోవాలి. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ లేదు. సిలిండరులో గాలిని గట్టిగా నొక్కి వేడెక్కిస్తే ఆ వేడికే చల్లిన డీజిల్ మండుతుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపించింది ఈ సూత్రమే. కాయిలూ క్యాపూ లేవు గనక ప్రశ్నలు కూడా తగ్గుతాయి. తిప్పేటప్పుడు పొగగొట్టం వంక చూడాలి. తెల్లటి పొగ వస్తోందంటే డీజిల్ చేరుతోంది, మండడం లేదు. పొగే లేకపోతే డీజిల్ చేరడం లేదు. పెట్రోలు బండికి తడిప్లగ్గు, పొడిప్లగ్గు ఎలాగో దీనికి పొగ అలాగ. నిషేధం తర్వాత ఎక్కువ గొడవ డీజిల్ గొట్టాల్లో దూరిన గాలితోనూ, ఫిల్టరు అడుగున చేరిన నీళ్లతోనూ వస్తుంది. నీళ్లు వదిలేసి, నట్టు సడలించి, నురగ పోయి శుభ్రమైన డీజిల్ కారేదాకా చేత్తో పంపు కొట్టి గాలి తీస్తారు. ఒడ్డున అందుకోని ఇంజన్ చిరాకు. నడిసముద్రంలో అందుకోకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ మేస్త్రీ దొరకడు, తోసేవాళ్లూ ఉండరు.

కార్బొరేటరు కార్ల కాలం పోయింది. 1957లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మేలో ఉత్తరపారాలో ఆగిపోయింది. ఇప్పుడు ఊళ్లలో పాత కారు అంటే పాతికేళ్లకి అటూ ఇటూ వయసున్న ఇంజెక్షన్ బండ్లు. వాటి దగ్గర కూడా చెవి పనికొస్తుంది. తాళం ఆన్ చేయగానే వెనక ట్యాంకులో పంపు ఒకటి రెండు సెకన్లు గుయ్‌మనాలి. అనకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, ఆ తర్వాతే పంపు. వీటిలో క్రాంక్ సెన్సరని ఒకటుంటుంది. ఇంజన్ తిరుగుతోందన్న కబురు కంప్యూటరుకి చేరవేసేది అదే. అది పోతే సెల్ఫ్ ఎంత తిరిగినా కంప్యూటరు లెక్కలో ఇంజన్ ఆగే ఉంటుంది. పెట్రోలు చల్లదు, రవ్వ ఇవ్వదు.

స్కానరు పెడితే పి0335 అని కోడ్ చూపిస్తుంది. స్కానరు మంచి పనిముట్టు, దాన్ని తిట్టేవాళ్లలో నేను లేను. కాకపోతే ఆ కోడ్ చెప్పేది క్రాంక్ సెన్సరు సర్క్యూట్లో తేడా ఉందని. సెన్సరు పోయిందని కాదు. కోనసీమలో కారుషెడ్డు అంటే తరచూ కొబ్బరాకుల పందిరే. కొబ్బరితోట ఉన్న చోట ఎలుకలుంటాయి, ఎలుకలున్న చోట వైర్లు ఉండవు. ఎలుక కొరికిన వైరుకీ అదే కోడ్, చిలుము పట్టిన సాకెట్‌కీ అదే కోడ్. కోడ్ చూసి సెన్సరు మార్చేసి, అందుకోకపోతే కంప్యూటరు మార్చేయమనే కుర్రాడికీ, డిక్కీలో ప్లగ్గులున్నాయని ప్లగ్గులు మారుద్దామన్న మా మావయ్యకీ నాకు తేడా కనపడదు. బిల్లులో మాత్రం ఉంది. పాత కాలం మేస్త్రీలందరూ మహానుభావులని కూడా అనను. పాయింట్లు వాటర్ పేపరుతో గీకి గీకి అరగదీసి, కార్బొరేటరు ఏడుముక్కలు చేసి చేతిలో పెట్టినవాళ్లు వాళ్లలోనూ ఉన్నారు. అడిగి విప్పేవాళ్లు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే.

మీ బండి ఎప్పుడన్నా ఇలా మొండికేస్తే మేస్త్రీకి ఫోన్ చేసి "స్టార్ట్ అవ్వట్లేదు" అని ఊరుకోకండి. సెల్ఫ్ ఎలా తిరుగుతోందో ఆయన చెవిలో పడేలా ఫోను దగ్గర పెట్టి ఒక్కసారి కొట్టండి. పెట్రోలు వాసన వస్తోందో లేదో చెప్పండి. చివరిసారి వేడి మీద ఎలా అందుకుందో, ఆ తర్వాత ఎవరు ఏం ముట్టుకున్నారో దాచకుండా చెప్పండి. అంతర్వేదిలో ఆగిన పాత బండికి సామాను కావాలంటే రాజోలు అన్నా పోవాలి, పంటు దాటి నరసాపురం అన్నా పోవాలి. ఇవన్నీ ముందే చెబితే మేస్త్రీ బయల్దేరేటప్పుడే కావాల్సింది సంచిలో వేసుకుంటాడు.